ఎలక్ట్రిక్ కారు ఎందుకు హెచ్చరిస్తుంది? ఫాల్ట్ అలర్ట్‌ల వెనక జరిగేదేమిటి?

క్లుప్తంగా

ఫాల్ట్ అలర్ట్ పాడైన భాగం పేరు చెప్పదు. ఒక కొలత హద్దు దాటిందని, అందుకు కారు ఫలానా చర్య తీసుకుందని మాత్రమే చెబుతుంది. ఒకేసారి పది అలర్ట్‌లు వస్తే చాలాసార్లు మూలం 12 వోల్ట్‌ల చిన్న బ్యాటరీయో, వైరింగో అవుతుంది. కారు మామూలుగానే నడుస్తున్నా కనిపించే ఇన్సులేషన్ (హైవోల్టేజ్ భాగాలు కారు శరీరానికి తగలకుండా ఉంచే రక్షణ) అలర్ట్ అంతకంటే బరువైనది. కారు తన మెమొరీలో రాసుకునే లోపాల కోడ్‌లు చెరిపేస్తే లోపం పోదు, దాని ఆనవాళ్లు పోతాయి.

2022 జూన్‌లో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో 48,924 మస్టాంగ్ మాక్-ఈ కార్లను రీకాల్ చేసింది. డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ చేసినప్పుడు, యాక్సిలరేటర్‌ను పదేపదే చివరిదాకా తొక్కినప్పుడు ఆ కార్లలోని హైవోల్టేజ్ కాంటాక్టర్లు మితిమీరి వేడెక్కుతున్నాయని తేలింది. కాంటాక్టర్ అంటే పెద్ద బ్యాటరీని కారులోని మిగతా భాగాలతో కలిపే, విడదీసే భారీ స్విచ్. వేడికి దాని ముఖాలు వంకరపోతే అతుక్కుపోయి విడివడకపోవచ్చు, లేదా విడివడి మళ్లీ కలవకపోవచ్చు. ప్రయాణం మధ్యలో విడివడితే చక్రాలకు శక్తి ఆగిపోతుంది. అప్పుడు డ్రైవర్‌కు కనిపించేది మాత్రం ‘వెంటనే సురక్షితంగా ఆపండి’ అన్న ఒక్క వాక్యం.

మోటార్ పోయిందా, బ్యాటరీ పోయిందా, మంటలు వస్తాయా అన్నది ఆ వాక్యం చదివితే తెలియదు. నిజానికి ఇబ్బంది పెట్టింది ఒక స్విచ్. ఫోర్డ్ అప్పట్లో పరిష్కారంగా ఇచ్చింది సాఫ్ట్‌వేర్: అది కాంటాక్టర్ వేడిని గమనిస్తూ, అవసరమైతే బ్యాటరీ నుంచి తీసే శక్తిని తగ్గిస్తుంది. స్విచ్ అదే, దాన్ని చూసి కారు తీసుకునే నిర్ణయం మారింది. కొలత ఒకటి, దాని మీద నిర్ణయం మరొకటి. అలర్ట్‌లను చదవడంలో వచ్చే గందరగోళంలో సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తుంది.

కొలత నుంచి హెచ్చరిక దాకా

ఎలక్ట్రిక్ కారులో పదుల సంఖ్యలో కంట్రోలర్లు ఉంటాయి. బ్యాటరీని చూసుకునే బీఎంఎస్, మోటార్‌ను నడిపే ఇన్వర్టర్, ఆన్‌బోర్డ్ ఛార్జర్, బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్‌లు, దేనికది వేరు. ఇవన్నీ మాట్లాడుకునేది ఎక్కువగా క్యాన్ బస్ మీద. బాష్ కంపెనీ 1986లో పరిచయం చేసిన ఈ రెండు తీగల పద్ధతి పెట్రోలు కార్ల కోసం పుట్టినా, ఎలక్ట్రిక్ కార్లకూ అదే ఆధారం.

ప్రతి కంట్రోలర్ తన పరిధిలోని వోల్టేజ్‌నూ ఉష్ణోగ్రతనూ కరెంటునూ అదేపనిగా పరీక్షిస్తూ ఉంటుంది. ఒక్క కొలత హద్దు దాటగానే డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక లాంప్ వెలగదు. కొన్ని పరీక్షల్లో తప్పుడు కొలత కొన్ని మిల్లీసెకన్లు నిలబడాలి, కొన్నింటిలో కొన్ని సెకన్లు, మరికొన్నింటిలో రెండో ప్రయాణంలోనూ అదే తప్పు కనిపించాలి. ఐఎస్ఓ 14229 ప్రమాణం ప్రకారం ప్రతి కోడ్ వెంట ఎనిమిది గుర్తులు ఉంటాయి: పరీక్ష ఇప్పుడు విఫలమవుతోందా, ఈ ప్రయాణంలో ఎప్పుడైనా విఫలమైందా, అనుమానం దశలో ఉందా, నిర్ధారణ అయిందా, చివరిసారి కోడ్‌లు చెరిపాక అసలు ఈ పరీక్ష జరిగిందా, లాంప్ వెలిగించమని అడిగిందా, ఇలా. కోడ్‌లు చదివే స్కానర్ పెడితే అరడజను కోడ్‌లు కనబడి, డాష్‌బోర్డ్ మాత్రం నిర్మలంగా ఉండటంలో వింతేమీ లేదు. అవి అనుమానం దశలో ఆగిపోయినవో, ఎప్పుడో వచ్చి పోయినవో అయి ఉంటాయి.

నిర్ధారణ అయిన క్షణాన కారు ఒక ఫ్రీజ్ ఫ్రేమ్ దాచుకుంటుంది. అప్పటి వేగం, వోల్టేజ్, ఉష్ణోగ్రత, ఛార్జ్ శాతం వంటివి అందులో ఉంటాయి. మెకానిక్‌కు కోడ్ పేరుకంటే ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

తర్వాతిది నిర్ణయం. ఎరుపు అంటే ప్రమాదం, పసుపు అంటే జాగ్రత్త అని అందరికీ తెలుసు. కానీ రంగుల వెనక మెట్లు ఇంకా ఎక్కువ: రాసుకుని ఊరుకోవడం, చెప్పడం, శక్తి తగ్గించడం, ఛార్జింగ్ నిరాకరించడం, చివరికి కాంటాక్టర్లు తెరిచేయడం, అంటే విడదీసి పెద్ద బ్యాటరీని తెంపేయడం. నిస్సాన్ లీఫ్ డాష్‌బోర్డ్‌లో వెలిగే తాబేలు బొమ్మ మూడో మెట్టుకు గుర్తు. ఆఖరి మెట్టును కారు వీలైనంతవరకు ప్రయాణంలో ఎక్కదు, ఎందుకంటే వాహనాల మధ్య హఠాత్తుగా శక్తి పోవడం కూడా ప్రమాదమే. అందుకే కొన్ని లోపాల్లో కారు ఆపేదాకా నడవనిస్తుంది, ఆపాక మళ్లీ స్టార్ట్ కానివ్వదు. ‘వాహనం మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు’ అన్న అలర్ట్‌ను కంపెనీ తన జాగ్రత్త కోసం పెట్టిన మాటగా కొట్టిపారేయడం పొరపాటు. అది వచ్చాక కారును ఎక్కడ ఆఫ్ చేస్తున్నామన్నది ముఖ్యం.

కోడ్ పేరును ఎంతవరకు నమ్మాలి

కోడ్ మొదటి అక్షరం విభాగాన్ని చెబుతుంది. పీ అంటే పవర్‌ట్రెయిన్ (కారును కదిలించే వ్యవస్థ), బీ అంటే బాడీ, సీ అంటే షాసీ, యూ అంటే కంట్రోలర్ల మధ్య కమ్యూనికేషన్. దాని పక్క అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంతం. పీ0ఏఏ6 అంటే హైవోల్టేజ్ వ్యవస్థలో ఇన్సులేషన్ లోపం, యూ0100 అంటే పవర్‌ట్రెయిన్ కంట్రోలర్‌తో సంబంధం తెగింది, పీ0562 అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువగా ఉంది.

పేరులోనే తీర్పు ఉన్నట్టు కనిపించే కోడ్‌లూ ఉన్నాయి. హైబ్రిడ్ కార్లలో వచ్చే పీ0ఏ80కి అధికారికంగా ఉన్న పేరే ‘హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చండి’. ఆ కోడ్‌ను పుట్టించే పరీక్ష చూసేది బ్యాటరీలోని భాగాల మధ్య వోల్టేజ్ తేడాను. ఆ తేడా నిజంగా అరిగిపోయిన సెల్స్ వల్ల రావచ్చు, వోల్టేజ్ కొలిచే తీగ చివర పట్టిన తుప్పు వల్లా రావచ్చు. మొదటిదానికీ రెండోదానికీ ఖర్చులో ఉన్న తేడా చెప్పనక్కర్లేదు. ఈ పేరు పెట్టినవారు ఇంకాస్త ఆలోచించి ఉండాల్సింది.

ఇంకో చిక్కు, ఒక లోపం పది కోడ్‌లను పుట్టించడం. ఇన్వర్టర్ మౌనంగా ఉండిపోతే బ్రేక్ కంట్రోలర్, స్టీరింగ్, బీఎంఎస్ తమ తమ పేర్ల మీద ఫిర్యాదులు రాస్తాయి. అందుకే కోడ్‌ల సంఖ్య కన్నా వరస ముఖ్యం: ఏది ముందు పడింది, ఏవి దాని వెనక వచ్చాయి.

12 వోల్ట్‌ల దగ్గర మొదలయ్యే గొడవ

పార్క్ చేసిన ఎలక్ట్రిక్ కారులో పెద్ద బ్యాటరీ కాంటాక్టర్ల వెనక తెగి ఉంటుంది. ఆ కాంటాక్టర్లు మూసుకోవాలంటే వాటి కాయిల్స్‌కు కరెంటు కావాలి, అది చాలా కార్లలో 12 వోల్ట్‌ల చిన్న బ్యాటరీ నుంచి వస్తుంది. చిన్న బ్యాటరీని నింపేది, పెద్ద బ్యాటరీ వోల్టేజ్‌ను అందుకు తగ్గట్టు దించే డీసీ-డీసీ కన్వర్టర్. దానికి శక్తి పెద్ద బ్యాటరీ నుంచి, కాంటాక్టర్లు మూసుకున్నాకే అందుతుంది. కాబట్టి చిన్నది చచ్చిపోతే పెద్దదాంట్లో నూరు శాతం ఛార్జ్ ఉన్నా కారు కదలదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టే.

పూర్తిగా చచ్చిపోక ముందు దశ ఇంకా తికమకగా ఉంటుంది. కారు మేల్కొనే క్షణంలో కంట్రోలర్లన్నీ ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. ముసలి బ్యాటరీ వోల్టేజ్ ఒక్క కుదుపు పడిపోతుంది, కొన్ని కంట్రోలర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి, మిగతావి వాటి కోసం వెతికి దొరకలేదని కోడ్ రాసుకుంటాయి. తెర మీద బ్రేక్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, డ్రైవ్ సిస్టమ్ అలర్ట్‌లు వరసగా వస్తాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇన్ని వ్యవస్థలు ఒకే నిమిషంలో పాడయ్యే అవకాశం తక్కువ. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి మూడే: 12 వోల్ట్‌ల సరఫరా, గ్రౌండ్ (కారు శరీరం ద్వారా కరెంటు తిరిగి వెళ్లే దారి), క్యాన్ బస్. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో వోల్టేజ్ అంకె చూస్తే మొదటిదాని సంగతి తేలిపోతుంది. క్యాన్ తీగల రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి, కారు పూర్తిగా నిద్రపోయాక రెండు తీగల మధ్య మల్టీమీటర్ 60 ఓమ్‌లు చూపాలి. 120 చూపితే ఒక కొస తెగినట్టు, సున్నాకు దగ్గరగా ఉంటే రెండు తీగలూ ఎక్కడో కలిసినట్టు.

అయితే 12 వోల్ట్‌ల అలర్ట్ వచ్చిన ప్రతిసారీ చిన్న బ్యాటరీ మారిస్తే సరిపోదు. హ్యుందాయ్ 2024 నవంబర్‌లో అమెరికాలో హ్యుందాయ్, జెనెసిస్ ఎలక్ట్రిక్ కార్లు 1,45,235 రీకాల్ చేసింది. ఐసీసీయూ అనే ఛార్జింగ్ కంట్రోల్ యూనిట్ దెబ్బతిని 12 వోల్ట్‌ల బ్యాటరీని నింపడం మానేయడం, దానివల్ల ప్రయాణంలో శక్తి కోల్పోయే ప్రమాదం ఉండటం అందుకు కారణం. అక్కడ బ్యాటరీ బాధితురాలు మాత్రమే. కారు ఆన్‌లో ఉన్నప్పుడు 12 వోల్ట్‌ల బ్యాటరీ దగ్గర వోల్టేజ్ అంతకంతకూ పడిపోతుంటే అనుమానించాల్సింది దాన్ని నింపే యంత్రాన్ని.

ఇన్సులేషన్ అలర్ట్: చప్పుడు లేకుండా వచ్చేది

హైవోల్టేజ్ బ్యాటరీ రెండు కొసలూ కారు లోహపు శరీరానికి తగలకుండా ఉంటాయి. ఎంత బాగా వేరుగా ఉన్నాయో కారు ఎప్పటికప్పుడు ఓమ్‌లలో కొలుస్తుంది. అంతర్జాతీయ నిబంధనల్లో కనీస హద్దు డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) భాగానికి వోల్ట్‌కు 100 ఓమ్‌లు, ఏసీ (దిశ మారుతూ పారే కరెంటు) భాగానికి వోల్ట్‌కు 500 ఓమ్‌లు. 400 వోల్ట్‌ల వ్యవస్థకు లెక్కిస్తే 40 కిలోఓమ్‌లు, 200 కిలోఓమ్‌లు. ఓమ్ సూత్రం ప్రకారం లీకయ్యే కరెంటు డీసీ వైపు 10 మిల్లీఆంపియర్లు, ఏసీ వైపు 2 మిల్లీఆంపియర్లు దాటకూడదని దీని అర్థం.

ఒక చోట ఇన్సులేషన్ దెబ్బతింటే వెంటనే షాక్ కొట్టదు. కరెంటు ప్రవహించాలంటే వలయం పూర్తి కావాలి, దానికి రెండో దారి కావాలి. కాబట్టి మొదటి లోపం వచ్చాక కూడా కారు పికప్ తగ్గదు, శబ్దం రాదు, రేంజ్ తగ్గదు. రెండో లోపం ఎదురు కొసలో వచ్చేలోగా మొదటిదాన్ని పట్టుకోవడమే ఈ అలర్ట్ పని. కారు బాగానే నడుస్తోందని దాన్ని పక్కన పెట్టేవారు ఎక్కువ కావడానికి కారణం కూడా ఇదే. 12 వోల్ట్‌ల గొడవకు ఇది సరిగ్గా వ్యతిరేకం: అక్కడ హడావుడి ఎక్కువ, ప్రమాదం చాలాసార్లు తక్కువ.

మూలం తరచుగా తేమ. కనెక్టర్‌లోకి చేరిన నీరు, క్యాబిన్ హీటర్‌లోకి ఊరిన కూలెంట్, మోటార్ లోపల చేరిన చెమ్మ. వాన పడినప్పుడో కారు కడిగినప్పుడో అలర్ట్ వచ్చి, ఎండ తగిలాక పోతే లోపం పోయిందనుకోకూడదు, దారి మాత్రమే ఆరింది.

తేమతో పనిలేని కారణం ఒకటుంది, ఎయిర్ కండిషనర్ (ఏసీ) రిపేరుతో వచ్చేది. ఎలక్ట్రిక్ కంప్రెసర్‌లో మోటార్ వైండింగ్ రిఫ్రిజెరెంట్‌లోనే, దానితో కలిసి తిరిగే ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. అందుకే చాలావాటిలో కరెంటును బాగా అడ్డుకునే పీఓఈ ఆయిల్ వాడతారు. పెట్రోలు కార్లలో మామూలుగా వాడే పీఏజీ ఆయిల్ కొద్దిగా కలిసినా ఇన్సులేషన్ పడిపోతుంది. పెట్రోలు కార్లకు వాడిన గ్యాస్ నింపే యంత్రాన్ని శుభ్రం చేయకుండా తగిలించినా ఇది జరగొచ్చు. ఏసీ సర్వీసింగ్ చేయించిన కొన్నాళ్లకు బ్యాటరీ విభాగం కోడ్ పడితే, ఆ రెండింటికీ సంబంధం ఉందని చాలామందికి తట్టదు.

వెతికే పద్ధతి తేలిక తర్కమే. కాంటాక్టర్లు తెరిచి ఉన్నప్పుడే కొలత తక్కువగా ఉంటే లోపం బ్యాటరీ ప్యాక్ లోపల. మూశాక పడిపోతే బయట. ఏసీ వేస్తేనే వస్తే కంప్రెసర్, ఛార్జింగ్ పెడితేనే వస్తే ఆన్‌బోర్డ్ ఛార్జర్ లేదా కేబుల్. ఏ పరిస్థితిలో అలర్ట్ వచ్చిందో గమనించడం యజమాని చేయగలిగిన, చేయాల్సిన పని. ఆరెంజ్ రంగు కేబుళ్లను విప్పి చూడటం మాత్రం శిక్షణ ఉన్నవారిదే. పెద్ద బ్యాటరీని చేత్తో తెంపే సర్వీస్ డిస్‌కనెక్ట్ తీశాక కూడా, కరెంటు నిల్వ ఉండే కెపాసిటర్లు ఖాళీ అయ్యేందుకు కంపెనీ చెప్పినన్ని నిమిషాలు ఆగి, 1,000 వోల్ట్‌లకు తట్టుకునే గ్లవ్స్‌తో, వోల్టేజ్ సున్నా అయిందని మీటర్‌తో నిర్ధారించుకున్నాకే వాళ్లయినా చెయ్యి పెడతారు.

సెల్స్ మధ్య తేడా

400 వోల్ట్‌ల తరగతి ప్యాక్‌లో తరచుగా 96 సెల్ గ్రూపులు వరసగా ఉంటాయి. వరసలో ఒకటి ఖాళీ అయితే మిగతా 95లో ఎంత మిగిలినా వాడుకోలేం. ఒకటి నిండితే మిగతావాటిని నింపలేం. బలహీనమైనదే అన్నిటికీ హద్దు. ఛార్జ్ 15 శాతం చూపుతూనే కారు హఠాత్తుగా శక్తి తగ్గించడం వెనక తరచుగా ఉండేది ఇదే.

సెల్ తేడా కోడ్ వచ్చినప్పుడు అది ఎప్పుడు కనిపిస్తోందో చూడాలి. కారు గంటల తరబడి ఆగి ఉన్నా ఒక గ్రూపు తక్కువగా ఉంటే దాని కెపాసిటీ తగ్గింది, లేదా లోపల మెల్లగా కారిపోతోంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే పడిపోతే అంతర్గత నిరోధం పెరిగింది, లేదా సెల్స్‌ను కలిపే లోహపు పట్టీ (బస్‌బార్) బోల్ట్ వదులైంది. ఒకటి తక్కువగా ఉండి, పక్కది సరిగ్గా అంతే ఎక్కువగా చూపిస్తే రెండు సెల్స్‌లోనూ లోపం లేకపోవచ్చు. వాటి మధ్య ఉమ్మడిగా ఉన్న కొలత తీగ దగ్గర తుప్పు ఉంటే అంకెలు అలాగే తారుమారవుతాయి.

ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌ది వేరే కథ. వాటి వోల్టేజ్ నిండు ఛార్జ్‌కీ దాదాపు ఖాళీకీ మధ్య చాలాదూరం ఒకే మట్టంలో ఉంటుంది. వోల్టేజ్ చూసి ఛార్జ్ శాతం చెప్పలేక బీఎంఎస్ కరెంటును కూడుకుంటూ పోతుంది, రోజులు గడిచేకొద్దీ లెక్క తప్పుతుంది. అప్పుడప్పుడూ 100 శాతం దాకా ఛార్జ్ చేయమని కంపెనీలు చెప్పేది ఆ లెక్కను సరిచేసుకోవడానికి. అంకె ఒక్కసారిగా పడిపోవడం ఈ కార్లలో చాలాసార్లు లెక్క తప్పే కానీ సెల్ లోపం కాదు.

కొలతలతో లోపాన్ని ముందే పట్టడానికి హద్దులున్నాయని షెవర్లే బోల్ట్ ఉదంతం చూపించింది. కొన్ని సెల్స్‌లో చిరిగిన ఆనోడ్ (రుణ ధ్రువం) ట్యాబ్, మడతపడిన సెపరేటర్ (రెండు ధ్రువాలను వేరుచేసే పొర) రెండూ ఒకే సెల్‌లో ఉండటం మంటలకు కారణమని జనరల్ మోటార్స్ 2021లో తేల్చింది. లోపం ఉన్న సెల్స్‌ను పసిగడుతుందనుకున్న సాఫ్ట్‌వేర్ వేశాక కూడా కార్లు తగలబడటంతో అన్ని బోల్ట్‌లనూ రీకాల్ చేసింది. తర్వాత 2023లో కొన్ని మోడళ్లకు ఇచ్చిన సాఫ్ట్‌వేర్ సుమారు 10,000 కిలోమీటర్లు నడిచేదాకా ఛార్జ్‌ను 80 శాతం దగ్గర ఆపి, ఆలోగా సెల్స్‌ను పరిశీలించింది.

సెల్ నిజంగా అదుపు తప్పితే వచ్చే అలర్ట్‌కు విశ్లేషణతో పనిలేదు. ఎలక్ట్రిక్ వాహనాల భద్రతకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి జీటీఆర్ 20 నిబంధన క్యాబిన్‌లోకి ప్రమాదం చేరడానికి కనీసం 5 నిమిషాల ముందు ప్రయాణికులకు హెచ్చరిక అందాలన్న లెక్క మీద నడుస్తుంది, చైనా 2020లో తెచ్చిన జీబీ 38031-2020 కూడా అదే లెక్క మీద వచ్చింది. ఆ 5 నిమిషాలు దిగి దూరంగా వెళ్లడానికి.

ఛార్జింగ్ ఆగితే తప్పు ఎవరిది

ఏసీ ఛార్జర్, కారు ఒక చిన్న తీగ మీద మాట్లాడుకుంటాయి. ప్లగ్ పెట్టక ముందు ఆ తీగ మీద 12 వోల్ట్‌లు ఉంటాయి. ప్లగ్ పెడితే కారు దాన్ని 9కి, ఛార్జ్‌కు సిద్ధమైతే 6కి లాగుతుంది. సెకనుకు 1,000 సార్లు కొట్టుకునే ఆ సిగ్నల్ ఎంతసేపు పైన ఉంటుందో దాన్నిబట్టి ఎంత కరెంటు తీసుకోవచ్చో కారుకు తెలుస్తుంది. 50 శాతం అంటే 30 ఆంపియర్లు. ప్లగ్ పిన్‌లో మురికి చేరి ఈ వోల్టేజ్ కాస్త అటూ ఇటూ అయితే చాలు, ‘ఛార్జింగ్ లోపం’ అని వస్తుంది. 6 మిల్లీఆంపియర్ల డీసీ లీకేజీకే ఆగిపోయే రక్షణ చాలా ఛార్జర్లలో ఉంటుంది. పిన్ దగ్గర వేడి పెరిగినా కారు కరెంటు తగ్గిస్తుంది. వేరే ఛార్జర్ దగ్గర అదే అలర్ట్ వస్తే కారు, రాకపోతే ఛార్జర్. ఇంతకంటే చౌకైన పరీక్ష లేదు.

చలిలో ఫాస్ట్ ఛార్జింగ్ నెమ్మదించడం, నిండు బ్యాటరీతో రీజెనరేటివ్ బ్రేకింగ్ (వేగం తగ్గేటప్పుడు బ్యాటరీని నింపుకోవడం) తగ్గడం లోపాల కింద లెక్కకు రావు. సున్నా డిగ్రీల లోపు వేగంగా ఛార్జ్ చేస్తే ఆనోడ్ మీద లిథియం లోహంగా పేరుకుంటుంది, కారు దాన్ని అడ్డుకుంటోంది.

కోడ్ చెరిపేస్తే

కారు తన లోపాలను తానే పరీక్షించి స్కానర్‌కు చెప్పే పద్ధతి, అమెరికాలో 1996 మోడల్ నుంచి తప్పనిసరైన ఓబీడీ-2, పొగ నియంత్రణ కోసం పుట్టింది. పొగ గొట్టం లేని కార్లకు అదే ఒత్తిడి లేకపోవడంతో ఒక్కో కంపెనీ ఒక్కో దారి పట్టింది. అదే 16 పిన్‌ల పోర్టు ఉన్నా చవక స్కానర్‌కు బ్యాటరీ వివరాలు సరిగ్గా అందకపోవడం ఇందుకే. కాలిఫోర్నియా 2022లో ఆమోదించిన నిబంధనలు 2026 మోడల్ నుంచి బ్యాటరీ ఆరోగ్యాన్ని డ్రైవర్‌కు చూపాలని, డేటా ఒకే తీరులో ఇవ్వాలని కోరాయి. ఐక్యరాజ్యసమితి జీటీఆర్ 22 కార్ల బ్యాటరీలకు 5 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్ల వరకు 80 శాతం, 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వరకు 70 శాతం సామర్థ్యం మిగలాలని హద్దు పెట్టింది. ఇవి యజమానికి బ్యాటరీ అరుగుదలను చెబుతాయి. కాంటాక్టర్ గురించో ఇన్సులేషన్ గురించో అడగాలంటే ఇప్పటికీ తరచుగా కంపెనీ సాధనమే కావాలి.

ఈ లోపల చవక స్కానర్లతో ఎక్కువగా జరిగేది కోడ్‌లు చెరపడం. చెరిపితే అలర్ట్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, ఏది ముందు పడిందన్న వరసా పోతుంది. అప్పుడప్పుడూ వచ్చే లోపమైతే మళ్లీ వచ్చేదాకా మెకానిక్ చేతిలో ఏమీ ఉండదు. చెరపక ముందు కనీసం స్కానర్ తెరకు ఫొటో తీసి ఉంచుకోవడం మేలు.

చెరిపిన సంగతి మాత్రం పూర్తిగా దాగదు. పైన చెప్పిన ఎనిమిది గుర్తుల్లో ‘చెరిపాక ఈ పరీక్ష ఇంకా జరగలేదు’ అనేది ఒకటి. ఏళ్లుగా వాడిన కారు అమ్మకానికి వచ్చి, లోపాల్లేవని చూపిస్తూనే, ముఖ్యమైన పరీక్షలన్నిటి పక్కన ఆ గుర్తు ఉంటే, దాని మెమొరీ ఈమధ్యే తుడిచారు. అలాంటి కారును కొన్ని రోజులు నడిపి, ఫాస్ట్ ఛార్జింగ్ చేసి, ఏసీ, హీటర్ వేసి, పరీక్షలన్నీ పూర్తయ్యాక మళ్లీ స్కాన్ చేస్తేనే అందులో ఏముందో తెలుస్తుంది.